నొక్కితేనే తెరుచుకునే కిటికీలు

1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తొలిరూపం ఇచ్చిన జావాస్క్రిప్ట్ భాష, మరుసటి ఏడాది నావిగేటర్ 2.0 బ్రౌజర్‌తో పాటు ప్రజల కంప్యూటర్లలోకి ప్రవేశించినప్పుడు, వెబ్ పేజీలు తయారుచేసేవారికి అంతవరకూ లేని ఒక అధికారం దక్కింది. ‘విండో.ఓపెన్’ అనే ఒక్క ఆదేశంతో, పాఠకుడు కోరినా కోరకపోయినా, అతని తెరపై మరో కిటికీ తెరిపించవచ్చు. దీని ప్రయోజనాలు నిజమైనవే; నింపుతున్న ఫారం చెదరకుండా పక్కన ఒక పట్టికనో, తేదీలు ఎంచుకునే క్యాలెండర్‌నో చూపడానికి ఇంతకన్నా సులువైన మార్గం ఆనాడు లేదు.

ప్రకటనలకు ఈ ఆదేశం ఉపయోగపడటం మరొక అవసరం నుంచి వచ్చింది. వ్యక్తిగత పేజీలకు ఉచితంగా చోటిచ్చే ట్రైపాడ్ సంస్థలో, తమ ప్రకటన అసభ్యమైన పేజీపై కనిపించిందని ఒక కార్ల కంపెనీ ఆందోళన చెందగా, ప్రకటనకూ పేజీకీ సంబంధం కనబడకుండా దాన్ని వేరే కిటికీలో తెరిచే ప్రోగ్రామ్‌ను ఈథన్ జుకర్‌మన్ రాశారు. 2014లో ‘ది అట్లాంటిక్’ పత్రికలో ఆయన ఈ సంగతి వెల్లడించి, ఉద్దేశం మంచిదేనంటూనే క్షమాపణ చెప్పారు. ఆయన ఉద్దేశంతో నిమిత్తం లేకుండా ఆ పద్ధతి వ్యాపించింది. పేజీ తెరిస్తే ఒకటి, మూస్తే మరొకటి, అసలు కిటికీ వెనక దాగి చివరికి బయటపడేది ఇంకొకటి — ఇలా కిటికీలు మూయడమే పాఠకుడి పని అయ్యే స్థితి వచ్చింది.

2000 ప్రాంతంలో ఒపెరా, 2002లో మొజిల్లా 1.0, 2003లో సఫారీ బ్రౌజర్లు పాప్-అప్‌లనే ఈ కిటికీలకు అడ్డుకట్ట వేశాయి. మొజిల్లా పునాదిపైనే నిర్మించిన నెట్‌స్కేప్ 7.0 మాత్రం ఆ సౌకర్యాన్ని తొలగించి విడుదలై, విమర్శల తర్వాత 7.01లో దాన్ని తిరిగి చేర్చుకుంది. 2004 ఆగస్టులో విండోస్ ఎక్స్‌పీ రెండో సర్వీస్ ప్యాక్‌తో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కూడా ఇదే దారి పట్టింది.

అయితే దేన్ని ఆపాలి, దేన్ని వదలాలి అన్నదే అసలు చిక్కు. అన్నిటినీ ఆపితే చెల్లింపు పేజీలు, ముద్రించుకోవలసిన రసీదులు కూడా ఆగిపోతాయి. లోపలి విషయాన్ని బట్టి తేలుద్దామంటే, కిటికీ తెరవమని ఆదేశం వచ్చే వేళకు అందులో ఏమి రానున్నదో బ్రౌజర్‌కు ఇంకా తెలియదు. అందుకే ఆ కిటికీ ఏమిటని కాక, దాని వెనుక మనిషి చేసిన పని ఏదైనా ఉన్నదా అని చూడాలని బ్రౌజర్ల నిర్మాతలు నిర్ణయించారు. మౌస్ నొక్కడం, తెరను వేలితో తాకడం, కీ నొక్కడం వంటివి ఇందుకు సాక్ష్యం. పేజీ లోడ్ కావడం, నిర్ణీత సమయం గడవడం, పేజీని పైకీ కిందికీ జరపడం, మౌస్ కదలడం సాక్ష్యం కావు. ప్రోగ్రామే ఒక నొక్కును కల్పించి చూపినా చెల్లదు, ఎందుకంటే యంత్రం ద్వారా నిజంగా అందిన సంకేతాన్నీ, ప్రోగ్రామ్ పుట్టించినదాన్నీ బ్రౌజర్ వేరువేరుగా గుర్తుపెడుతుంది. వంచన ఎంత సునాయాసంగా సాగగలదో తెలిసినవారు చేసిన ఈ ఏర్పాటు, ఈ నియమం మొత్తంలోకీ మెచ్చుకోదగినది.

ఈ సాక్ష్యానికి గడువు ఉంది. పాఠకుడు నొక్కిన తర్వాత ప్రోగ్రామ్ ముందుగా సర్వర్‌ను సంప్రదించి, జవాబు వచ్చాకే కిటికీ తెరవబోతే, ఈలోగా గడువు తీరి సక్రమమైన కిటికీ కూడా ఆగిపోవచ్చు. పాప్-అప్‌లను అనుమతించండి అని చెల్లింపు పేజీలు పాఠకులను కోరడానికి ఇది ఒక ముఖ్య కారణం. 2019లో క్రోమ్ 72 ఈ లెక్కను సవరించింది. ఒక నొక్కు ఇచ్చే అనుమతి కొన్ని సెకన్లు నిలుస్తుంది, ఒక కిటికీ తెరుచుకోగానే ఖర్చయిపోతుంది. కాబట్టి ఒకే నొక్కు పేరు చెప్పి నాలుగు కిటికీలు తెరవడం సాధ్యపడదు. వెబ్ పేజీల ఉమ్మడి ప్రమాణమైన హెచ్‌టీఎంఎల్‌లోనూ ఈ తాత్కాలిక అనుమతికి నిర్వచనం ఉంది.

మనిషి నొక్కాడా అని తేల్చగల ఈ నియమం, అతడు ఏమి కోరి నొక్కాడో తేల్చలేదు. దొంగచాటుగా సినిమాలు చూపే సైట్లలో ప్లే గుర్తుపై కనబడని పొర పరిచి, మొదటి నొక్కుకు ప్రకటన తెరిపించడం అందుకే కొనసాగుతోంది. నొక్కు నిజమైనదే కనుక బ్రౌజర్ ఒప్పుకుంటుంది. ఇక ఈనాడు చదువుతున్న పేజీనే కమ్మేసే పెట్టెలు కొత్త కిటికీలు కావు, ఆ పేజీలోని భాగాలే, ‘విండో.ఓపెన్’ వాటికి అవసరమే లేదు, కనుక ఈ అడ్డుకట్ట వాటిని తాకదు. ఇటువంటి ప్రకటనలకు 2016లో ఏర్పడిన కొయలిషన్ ఫర్ బెటర్ యాడ్స్ వేరే ప్రమాణాలు నిర్దేశించగా, వాటిని పదేపదే ఉల్లంఘించే సైట్లలో ప్రకటనలన్నిటినీ తొలగించే పద్ధతిని క్రోమ్ 2018లో ఉత్తర అమెరికా, ఐరోపాలలోనూ, 2019 జులై నుంచి ప్రపంచమంతటా అమలులోకి తెచ్చింది.