ఏడొందల జతల ఎద్దులు

మంట ఎగదొయ్యరా అబ్బాయ్, ఆ తాటిమట్టలు ఇటు లాగు. మక్కా మసీదు ముచ్చట అడిగారుగా, అది మన బందరు నుంచే మొదలుపెట్టాలి. చల్లపల్లిలో బస్సెక్కితే కాసేపటికి దిగే ఊరే గానీ, గోల్కొండ సుల్తానుల కాలంలో వాళ్ల సముద్రపు వాకిలి అదే. ఎర్ర సముద్రం దాకా పోయే ఓడల్లో కలంకారీ బట్టలతోపాటు హజ్‌కు పోయేవాళ్లూ ఎక్కేవాళ్లు.

ఆ రోజుల్లోనే, 1617లో, సుల్తాన్ మహమ్మద్ కుతుబ్ షా హైదరాబాదులో మసీదు మొదలుపెట్టాడు. మక్కా నుంచి తెప్పించిన మట్టితో ఇటుకలు చేయించి నడిమి కమానులో పెట్టించాడంటారు. పేరు అలా వచ్చింది. పునాదిరాయి వేసేవాడు రాత్రి నమాజు ఒక్కనాడూ తప్పనివాడై ఉండాలన్నారట. అక్కడ చేరిన అంతమందిలో ఒక్కరూ ముందుకు రాలేదట. చివరికి సుల్తానే దిగి రాయి వేశాడట. ఈ మాట చెప్పేటప్పుడు మా నాన్న గొంతు తగ్గించేవాడు.

అసలు సంగతి రాయిది. తావెర్నియే అని ఫ్రాన్సు దేశపు వజ్రాల వర్తకుడు, 1652లో మన బందరులోనే ఓడ దిగినవాడు, కొల్లూరు గనులు కూడా చూసినవాడు, ఆ మసీదు పని జరుగుతుండగా చూసి, అక్కడ విన్నది రాసిపెట్టాడు. మిహ్రాబ్‌కు, అంటే నమాజు దిక్కు చూపే గూటికి, ఒకటే రాయి. దాన్ని కొండలోంచి తొలవడానికి అయిదేళ్లు, రోజూ అయిదారు వందల మంది మనుషులు. లాగడానికి పధ్నాలుగు వందల ఎద్దులు! అంటే ఏడొందల జతలు. దమ్ములో ఒక్క జతను అదిలించి వరస తప్పకుండా నడపడం ఎంత కష్టమో నాకు తెలుసు. అన్ని జతలూ ఒక్కసారి అడుగెయ్యాలంటే ఎన్ని గొంతులు కలవాలి, వాటికి మేత ఎక్కడ, నీళ్లెక్కడ? ఆ మసీదులో నిలబడ్డప్పుడల్లా నాకు రాజుల కంటే ముందు ఆ తోలేవాళ్లే గుర్తొస్తారు.

మొదలుపెట్టిన సుల్తాను 1626లో పోయాడు. కొడుకు అబ్దుల్లా, ఆ తర్వాత తానీషా. 1687లో గోల్కొండ పడిపోయింది, తానీషాను దౌలతాబాదు కోటలో పెట్టారు. గెలిచిన ఔరంగజేబే 1694లో పని ముగించాడు. పదివేల మంది ఒక్కసారి నమాజుకు నిలబడే చోటది.

ఆవరణలో ఒక గది ఉంది. మన ప్రవక్తవారి పవిత్ర కేశం అక్కడ భద్రంగా ఉంచారు. ఆసారె ముబారక్ అంటాం. నిజాముల సమాధులూ ఆ ఆవరణలోనే ఉన్నాయి గానీ, జనం కన్నీళ్లు పెట్టుకునేది ఈ గది ముందే. చదువుకున్నవాడూ కూలివాడూ అక్కడ ఒకే వరసలో ప్రవక్తవారి మీద దరూద్ చదువుతారు. నేనూ ఏడ్చాను.

వచ్చే మిలాద్‌కు, ప్రవక్తవారి పుట్టినరోజుకు, మీరూ పోండి. బెజవాడలో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి అక్కడుంటారు. ఆ కేశం జియారత్‌కు, అంటే దర్శనానికి, జనం ఎక్కువ. తోసుకోకండి, ముసలాళ్లను ముందు పోనివ్వండి.