రక్షకభట వ్యవస్థ, సైబర్ నేర విచారణ : తెలంగాణము (చరిత్ర)

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ సీమలో, తుంగభద్ర ఉత్తరపు టొడ్డున వెలసిన రాజోలి, మగ్గములకు పేరొందిన గ్రామమే గాక ప్రభుత్వముల సరిహద్దుగను చిరకాలము నిలిచిన చోటు. కాకతీయుల నాటినుండి అసఫ్‌జాహీల తొలికాలము వరకు ఇట్టి గ్రామముల రక్షణభారము తలారులు మున్నగు గ్రామసేవకులపై నుండెను.

1853లో నిజాముకు దివానైన మొదటి సాలార్‌జంగు 1865 నాటి జిల్లాబందీతో పరిపాలనను క్రమబద్ధ మొనర్చిన పిదప, రాజధానియైన హైదరాబాదునకు కొత్వాలును, జిల్లాలకు ప్రత్యేకమైన పోలీసుశాఖయు, ఊరూర పోలీసు పటేలును గల వ్యవస్థ క్రమముగా కుదురుకొనెను. గద్వాల, వనపర్తి సంస్థానములు నిజాముకు పేష్కషు చెల్లించుచు తమ లోపలి పాలనను తామే నడపుకొనుచుండెను. తుంగభద్రకు ఆవల కర్నూలు జిల్లా ఆంగ్లేయుల మదరాసు ప్రెసిడెన్సీలోనిది కావున, రాజోలి యెదుట నది దాటిన దొంగ యింకొక ప్రభుత్వపు చట్టము క్రిందికి పోయినట్లే.

ఈ వ్యవస్థ చరిత్రలో విశేషముగ చెప్పదగినవాడు రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి. వనపర్తి సంస్థానములోని రాయణిపేటయందు 1869లో జన్మించి, చిన్నవయసుననే అమీనుగా పోలీసు కొలువులో చేరి, పలు జిల్లాలలో పనిచేసి మెట్టుమెట్టుగా పైకి వచ్చిన ఈ కార్యదక్షుడు, 1920లో హైదరాబాదు నగర కొత్వాలు పదవి నధిష్ఠించి, 1934 వరకు దానిని నిర్వహించెను. అసఫ్‌జాహీల పాలనలో ఆ పదవి నందిన తొలి హిందువు ఆయనయే. మతసామరస్యమును కాపాడుటలోను, నేరస్థునికన్న ముందు నేరము పుట్టిన చోటును ఎరిగియుండుటలోను ఆయన నేర్పు ప్రశంసనీయమైనది. వీధివీధిని, మనిషిమనిషిని ఎరిగిన అధికారికి ఆ కాలమున మించిన సాధనము లేకుండెను. 1918లో వెలసిన రెడ్డి హాస్టలుకు ఆయన ప్రాపు గాగా, దానిని కొంతకాలము నిర్వహించినవాడును, 1926లో గోలకొండ పత్రికను స్థాపించినవాడును, నడిగడ్డకే చెందినవాడును అయిన సురవరము ప్రతాపరెడ్డి ఆయన జీవితచరిత్రమును రచించెను. నేడు తెలంగాణ పోలీసు అకాడమీ వెంకటరామారెడ్డి పేరనే వ్యవహరింపబడుచున్నది.

ఫసలీ 1348 నాటి హైదరాబాదు నగర పోలీసు చట్టము, 1948 సెప్టెంబరు నాటి సైనికచర్య, 1956 నాటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రావతరణము, 1984లో పటేలు పట్వారీ వ్యవస్థ రద్దు – వీనితో పాత వ్యవస్థ ముగిసెను.

కేంద్ర పోలీసు శిక్షణాలయముగా 1948లో ఆబూ పర్వతమున మొదలైన సర్దార్ వల్లభభాయి పటేల్ జాతీయ పోలీసు అకాడమీ 1975లో హైదరాబాదునకు తరలివచ్చుటతో, ఈ నగరము శిక్షణకు, పరిశోధనకు కేంద్రమాయెను. 2000 అక్టోబరు 17న సైబర్ నేరములకు సంబంధించిన సమాచార సాంకేతిక చట్టము అమలులోనికి వచ్చెను. 2008 నాటి సవరణము దర్యాప్తు అధికారమును ఇన్‌స్పెక్టరు స్థాయికి దింపెను. 2003లో సైబరాబాదు కమిషనరేటు ఏర్పడినది. నేరశాస్త్ర విద్వాంసులలో తమిళనాటి కె. జయశంకర్ 2007లో సైబర్ నేరశాస్త్ర పత్రికను నెలకొల్పి, బాహ్యలోకమున అణగియుండు నేరప్రవృత్తి అజ్ఞాతమునకు వీలున్న అంతర్జాలమున పైకివచ్చునని ప్రతిపాదించెను. సరిహద్దులు దాటు సైబర్ నేరముల విషయమున, చైనా సమాజములను గూర్చి మరియొక విద్వాంసుడు లెనన్ చాంగ్ 2012లో వెలువరించిన గ్రంథము తైవాను, చైనాల నడుమ సైబర్ నేరములను పరిశీలించినది. ఆ రెంటికి 2009లో నేర నివారణ ఒడంబడిక కుదిరియున్నను, తైవాను జలసంధికి ఇరువైపుల పోలీసుల సహకారమునకు రాజకీయ వైరము అడ్డగుచునే యున్నది. తుంగభద్రకు ఇరువైపుల రెండు ప్రభుత్వము లుండిన కాలము నెరిగిన పాఠకునకు ఈ చిక్కు క్రొత్తది కాదు.

అట్టి సరిహద్దులు దాటు నేరముల సెగ తెలుగునేలకును తాకెను. 2020 డిసెంబరులో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు రుణయాపుల వేధింపులపై కేసులు నమోదుచేసి, కాల్ సెంటర్లపై దాడులు సలిపి, చైనా దేశీయులను కొందరిని అరెస్టు చేసిరి. అప్పుపుచ్చుకొన్న దీనుని ఫోనులోని పేర్లన్నిటికి బెదిరింపులు పంపి, ఆత్మహత్యలవరకు తెచ్చిన దారుణ మది. 2023 జులైలో నగర పోలీసులు వెలికితీసిన 712 కోట్ల రూపాయల పెట్టుబడి మోసమునకును చైనాలోని సూత్రధారులతో సంబంధము బయటపడెను. ఉద్యోగముల ఆశతో కాంబోడియాకు పోయిన తెలుగు యువకులు అచటి మోసపు కేంద్రములలో చిక్కి, తామే ఇతరులను మోసగింపవలసివచ్చిన దుఃస్థితి 2024లో విశాఖపట్టణ పోలీసుల దర్యాప్తున వెల్లడియైనది.

2023లో ఏర్పడిన తెలంగాణ సైబర్ భద్రతా బ్యూరో, పోయిన సొమ్ము ఖాతానుండి ఖాతాకు మారిపోకముందే నిలుపుటయే ముఖ్యకార్యముగ గైకొనుట మెచ్చదగిన పని. 2024 జులై 1నుండి అమలైన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారము, నేరము ఎచ్చట జరిగినను ఏ ఠాణాయందైనను ఫిర్యాదు చేయవచ్చును. సైబర్ మోసమున సొమ్ము పోయినవాడు రాజోలివాడైనను, రాజధానివాడైనను, మొదట సైబర్ నేర సహాయవాణియైన 1930 నంబరునకు ఫోను చేయవలెను.