రీవా రాజుగారి తెల్లపులి

పశువైద్యుడిగా పల్లెల్లో తిరిగినన్నాళ్లూ రైతులకు పదేపదే చెప్పిన మాట ఒకటుంది: ఆబోతుకు పుట్టిన పెయ్యను మళ్లీ అదే ఆబోతుకు దాటించొద్దు, ఆబోతును మార్చండి. చదువురాని ముసలివాళ్లకు ఆ సంగతి నాకంటే ముందే తెలుసు. రీవా మహారాజు మార్తాండ్ సింగ్ మాత్రం కావాలనే దానికి ఎదురు వెళ్లాడు.

1951 మే నెలలో బాంధవ్‌గఢ్ వైపు అడవిలో ఒక తెల్ల పులికూన ఆయనకు చిక్కింది. మోహన్ అని పేరుపెట్టి గోవింద్‌గఢ్ కోటలో పెంచాడు. బేగం అనే మామూలు ఆడపులితో జత కట్టిస్తే ఏ ఈతలోనూ తెల్లపిల్ల పుట్టలేదు. తెలుపు జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తేనే బయటపడుతుంది మరి. చివరికి మోహన్‌ను దాని కూతురు రాధతోనే కలిపారు. 1958లో రాజా, రాణి, మోహిని, సుకేశి పుట్టాయి. నాలుగూ తెల్లనివే.

మోహిని 1960లో వాషింగ్టన్ జూకి చేరింది. అక్కడ దానికి జోడీగా తెచ్చిన శాంసన్ మోహన్, బేగంల కొడుకు. అంటే మోహినికి తండ్రి వైపు అన్న, తల్లి వైపు మేనమామ. మేనమామ వరకు మనవాళ్లకూ అభ్యంతరం లేదనుకోండి! ఆ తర్వాత మోహినిని దాని సొంత కొడుకు రమణతో కలిపారు. ఇక వరసలు చెప్పడం నావల్ల కాదు.

తెల్లపులికి మెల్లకన్ను తరచూ కనిపిస్తుంది. కంటి నుంచి మెదడుకు వెళ్లే నరాలు దారితప్పడం వల్ల వచ్చేదది, రంగు జన్యువుతో ముడిపడినది. 2013లో చైనా శాస్త్రవేత్తలు ఆ జన్యువులోని చిన్న మార్పును పట్టుకున్నారు. ఆ మార్పు ఒక్కటే ప్రాణాంతకం కాదు, అడవిలో తెల్లపులులు పెరిగి పెద్దవయ్యేవి. వంకర వెన్నెముకలు, చచ్చిపుట్టిన పిల్లలు రక్తసంబంధపు జతల వల్ల పెరిగిన పాపం. రంగు కోసం రక్తాన్ని ఇరుకు చేసింది మనిషే.

జూలలో స్టడ్‌బుక్ రాసేది ఇందుకే. ఏ పులికి తల్లిదండ్రులెవరో అందులో చూసి, మందలో చుట్టరికం తక్కువున్నవాటికి ముందు జత వెతుకుతారు. అమెరికా జూల సంఘం 2011లో తన సభ్యులను తెల్లపులుల పెంపకం మానమంది. హైదరాబాద్, విశాఖ జూలలో జనం ఇప్పటికీ తెల్లపులి దగ్గరే గుమిగూడతారు. మీ పిల్లలకు మాత్రం అది వేరే జాతి అని చెప్పకండి. అదీ పక్కనున్న బెంగాల్ పులీ ఒకటే.