వాద్యశిల్పియు సంప్రదాయమును

వాద్యములను నిర్మించు శిల్పుల ముందు తరచుగా నొక చిక్కు ప్రశ్న నిలుచుచుండును. స్వబుద్ధితో క్రొత్త తీరున మాండలిన్ చేయగల శిల్పి యొకడు కలడనుకొందము. కొనవచ్చినవారు మాత్రము పాత తీరు వాద్యమునే చేసి యిమ్మని కోరుదురు. అతడు వారి కోరిక చెల్లింపవలయునా, తన త్రోవనే పోవలయునా? చెల్లించినచో ప్రతిభ వ్యర్థమగునని కొందరందురు. చెల్లింపనిచో పెద్దలనాటి విద్యకు దూరమగునని మరికొందరందురు. ఈ వివాదమునకు తర్కము కంటె చరిత్రయే మంచి సమాధానము చెప్పగలదని మా యభిప్రాయము.

ముందుగా మన వీణను చూతము. నేడు సనాతనమని మనము తలచు దాని రూపము ఒకనాడు క్రొత్త కల్పనయే. పూర్వము కొన్ని వీణల మెట్లు ఒక రాగమునకు మాత్రమే సరిపడునట్లుండెడివి. రాగము మారినచో మెట్లను జరుపుకొనవలసి వచ్చెడిది. 1550లో రామామాత్యుడు స్వరమేళకలానిధి యందు ఏకరాగమేళ వీణను, సర్వరాగమేళ వీణను వేరువేరుగా వివరించెను. 17వ శతాబ్ది తొలిభాగమున తంజావూరు నేలిన రఘునాథ నాయకుని యాస్థానమున ఈ యాలోచన పరిపక్వమయ్యెను. స్థాయికి 12 చొప్పున రెండు స్థాయిలకు 24 మెట్లను కదలకుండ నిలిపిన వీణ ఆయన పేర ప్రసిద్ధి కెక్కినది. తమిళ దేశమున నుండి తెలుగున కావ్యములు రచించిన ప్రభువాయన. సంగీతసుధ యను లక్షణ గ్రంథము ఆయన పేరనే వెలసినది. శాస్త్రము తెలిసిన కొలువులో పుట్టిన మార్పగుటచే అది వినోదమునకై చేసినది కాదు. అన్ని రాగములను ఒకే వీణపై పలికింపవలయునను గాయకుల యవసరము నుండి పుట్టినది. బొబ్బిలి సమీపమున గొల్లపల్లి శిల్పులు నేటికిని ఒకే పనస దుంగ నుండి వీణను తొలుచుచున్నారు. మైనముపై వారు నిలుపునవి ఆ 24 మెట్లే. నాటి నవ్యత నేటి కులవిద్యయైనది.

ఇక మాండలిన్ కథ. ఇటలీలోని నేపుల్స్ నగరమున పెరిగిన ఈ వాద్యమునకు సన్నని చెక్కబద్దలను అతికించి చేసిన గుండ్రని బుర్ర వంటి వీపుండెడిది. అమెరికాలో ఆర్విల్ గిబ్సన్ అను శిల్పి ఫిడేలును చూచి, పై పలకను వంపుగా చెక్కు పద్ధతిని మాండలిన్‌కు తెచ్చి 1898లో పేటెంటు పొందెను. ఆయన పేర వెలసిన కర్మాగారమున లాయిడ్ లోర్ అను సంగీతజ్ఞుడు 1922లో మరియొక యడుగు వేసెను. నడుమ నుండు రంధ్రమును తీసివేసి, ఫిడేలునకు వలె ఇరుప్రక్కల వంపు రంధ్రములు పెట్టించెను. ఎఫ్-5 అను ఆ వాద్యములను పరీక్షించి లోపల సంతకము చేసెడివాడు. కాని అప్పటికే అమెరికాలో మాండలిన్ మోజు తగ్గియుండెను. అవి తగినన్ని అమ్ముడుపోలేదు. 1924 చివర ఆయన ఆ సంస్థను విడిచెను. తరువాత విద్యుత్ వాద్యములను ప్రయత్నించి నష్టపోయెను. 1943లో మరణించెను.

ఆ తరువాతనే విచిత్రము జరిగినది. 1923 నాటి సంతకముగల యొక ఎఫ్-5 బిల్ మన్రో చేతికి చేరెను. బ్లూగ్రాస్ సంగీతమునకు ఆద్యుడైన ఆయన ఆ వాద్యముపై పలికించిన నాదమే వాదకులందరికి ఆదర్శమయ్యెను. నేడు శిల్పులు లోర్ నాటి వాద్యముల పలక మందమును సూక్ష్మముగా కొలిచి అటులనే చేయుచున్నారు. దానినే సంప్రదాయమనుచున్నారు! లోర్ వంటి నూతన పథగామిని అక్షరాల అనుకరించుట ఆయన మార్గమున నడచుటయా, కాదా? శిల్పుల సందేహమంతయు ఇందే యిమిడియున్నది.

దీనికి మన పాలకొల్లు బిడ్డడు చక్కని జవాబు చూపినాడు. 1969లో జన్మించి 2014లో అస్తమించిన ఉప్పలపు శ్రీనివాస్ చేపట్టునాటికి మాండలిన్ కర్ణాటక సంగీతమునకు పరాయి వాద్యము. దాని జంట తీగలు గమకమునకు లొంగవు. నాదము మీటినంతనే సన్నగిల్లును. అందుచే ఆయన జంట తీగలను విడిచి, ఐదు ఒంటి తీగలుగల విద్యుత్ మాండలిన్‌ను గ్రహించెను. అయితే గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు మాండలిన్ వాదకులు కారు, గాయకులు. ఆయన పాడినదానిని శిష్యుడు తీగపై పలికించెడివాడు. వాద్యము క్రొత్తది, దానిపై వినబడినది పెద్దల పాట.

కావున మా సమాధానమిది. శిల్పి పాత తీరు వాద్యమును తప్పక చేయవలయును. చేసిననే ఆ పలక అంత మందముగా నేల యున్నదో, ఆ వంపు నాదమునకేమి మేలు చేయుచున్నదో అతని చేతికి తెలియును. పాత వాద్యమును బాగుచేయ వచ్చినవారికి మార్గము చూపగల వాడును అతడే. కాని అంతటితో నాగిపోరాదు. వాదకునకు నిజముగా చాలని చోటేదో కనిపెట్టి, అచటనే మార్పు చేయవలయును. చేసినదానిని పాతదాని ప్రక్కన నుంచి వినవలయును. రఘునాథుని కొలువున జరిగినదియు, శ్రీనివాస్ చేసినదియు ఇదియే.

ఈ బాధ్యత శిల్పి యొక్కనిదే కాదు. ఒక తరము చేయక విడిచిన పని మరుసటి తరమునకు చేతగాదు. కొనువారు లేనిదే శిల్పి యింట విద్య నిలువదు. తంజావూరు, హోసూరు, బరంపురము, షోలాపూరు, యానాములలో తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములకిది క్రొత్తగా చెప్పనక్కరలేదు. మన యిండ్ల తెలుగులో ఇరుగుపొరుగు భాషల మాటలు ఎన్నియో చేరినవి. ఐనను బిడ్డతో తల్లి మాటలాడుచున్నంత కాలము అది తెలుగే. పిల్లలకు వీణయో మాండలినో నేర్పింపదలచిన తల్లిదండ్రులు శిల్పి ముంగిటికి స్వయముగా పోయి వాద్యమును చేయించుకొందురు గాక. వారొకటి చేయించిన, అతడు తన కుమారునకు ఉలి పట్టుట నేర్పుటకు ఒక కారణమేర్పడును.