నాడీసంధులు – మతిమరపు

1901వ సంవత్సరమున జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు ఆసుపత్రికి ఆగస్టె డీటర్ అను 51 ఏండ్ల స్త్రీని తీసికొని వచ్చిరి. తన పేరు వ్రాయబోయి, నడుమనే మరచిపోవుచుండెను. 1906లో ఆమె మరణించిన పిమ్మట అలోయిస్ ఆల్జీమర్ అను వైద్యుడు ఆమె మెదడు పొరలకు వెండి లవణముల రంగు పట్టించి సూక్ష్మదర్శినితో పరీక్షించెను. నాడీకణముల వెలుపల గడ్డలు, లోపల చిక్కుపడిన పోగులు కనిపించెను. ఆ నవంబరులో ట్యూబింగెన్ సభయందు ఈ సంగతి తెలిపినపుడు చర్చయే జరుగలేదు! 1910లో క్రేపెలిన్ ఈ వ్యాధికి ఆల్జీమర్ పేరు పెట్టెను.

గడ్డలు దేనితో ఏర్పడినవో తెలియుటకు చాలకాలము పట్టెను. 1984లో గ్లెన్నర్, వాంగ్ అనువారు ఎమిలాయిడ్ బీటా అను చిన్న మాంసకృత్తును వేరుచేసిరి. గడ్డలలో ఉన్నదియు అదియే. పోగులలోనిది టౌ అను మరియొక మాంసకృత్తు. ఆరోగ్యవంతుని మెదడులో ఇది కణము లోపలి సన్నని గొట్టములను నిలిపియుంచును.

అయితే ఒక చిక్కు మిగిలెను. గడ్డలు మెండుగా ఉన్నను, కొందరు వృద్ధులకు తెలివి చెడలేదు. మతిమరపు దేనిని బట్టి పెరుగును? నాడీసంధుల నష్టమును బట్టి, అని 1991లో టెర్రీ, ఆయన సహచరులు చూపిరి. నాడీసంధి అనగా రెండు నాడీకణములు కలిసికొను చోటు. వాటి నడుమ సుమారు మిల్లీమీటరులో 50 వేలవ వంతు ఖాళీ ఉండును. ఒక కణము విడిచిన రసాయనము ఈ ఖాళీని దాటి రెండవ కణపు గ్రాహకములను తాకును. నేర్చుకొనునపుడు ఈ సంధి బలపడును.

చెరువులోని బండ కంటె తూములో చేరిన చెత్తయే పైరుకు ఎక్కువ చేటు. గడ్డకట్టని ఎమిలాయిడ్ చిన్న గుంపులు అట్టివి. 2002లో వాల్ష్, సెల్కో బృందము వీటిని ఎలుకల మెదడులోనికి ఎక్కింపగా సంధులు బలపడుట నిలిచిపోయెను. ఇవి గ్రాహకములను కణపు పైపొర నుండి తగ్గించును. సంధిని మోయు సన్నని ముండ్లు కుంచించుకొనిపోవును. పట్టు తప్పిన టౌ కూడ అచ్చటికే చేరి హాని చేయును. ఇంటివారు ముసలితనపు చాదస్తమని తోసివేయునది ఈ తెగుటయే కావచ్చును.

తెలుగునాట జరిగిన ఒక పరిశీలన ఇచ్చట చెప్పదగినది. 2013లో హైదరాబాదు నిజామ్ వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన సువర్ణ అల్లాడి, సహచరులు 648 మంది మతిభ్రంశ రోగుల వివరములు ప్రకటించిరి. వారిలో ఆల్జీమర్ రోగులును కలరు. రెండవ భాష మాటాడు 391 మందికి వ్యాధి సుమారు నాలుగున్నర ఏండ్లు ఆలస్యముగా ఆరంభమయ్యెను. చదువురాని వారియందును ఈ తేడా కనబడుట విశేషము. రెండు భాషల నడుమ నిత్యము మారుట వలన మెదడుకు కొంత నిల్వబలము చేకూరునని వారి ఊహ. ఇతర పరిశీలనలన్నియు దీనిని సమర్థింపలేదు. తమిళ, కన్నడ సీమలు దగ్గరగానున్న కుప్పము, శాంతిపురము ప్రాంతములలో రెండు మూడు భాషలు వినుట వింత కాదు. కాని హైదరాబాదు లెక్కలలో మూడవ భాష వలన అదనపు లాభమేమియు కనబడలేదు.