మార్క్ ట్వేన్ పేరు – హాస్య బహుమతి తీరు

ఏడాదికొకసారి మనమంతా బ్రతికే ఉన్నామని ధ్రువపత్రం సమర్పించుకుంటాం. మనిషి ఎదుట నిలబడి ఉన్నా కాగితమే ప్రమాణం. ఇటువంటి చిక్కే 1897లో ఒక అమెరికన్ రచయితకు వచ్చింది. లండన్‌లో ఆయన బంధువు ఒకరు జబ్బుపడితే, ఆ జబ్బు ఈయనకే అనుకున్నారు. పోయారన్న వదంతి కూడా పుట్టింది. పత్రికవారు ఆరా తీయగా, తన మరణవార్తలో అతిశయోక్తి ఉందని ఆయన తాపీగా జవాబు రాశారు. ఆయనే మార్క్ ట్వేన్.

ఆయన పేరిట అమెరికాలో ఒక పెద్ద హాస్య బహుమతి ఉంది. ఆ బహుమతి ఆ పేరుకు తగినట్లు నడుస్తున్నదా అన్నదే ఈ వ్యాసం. అందుకు ముందుగా ఆ పేరు విలువ తెలియాలి.

అసలు పేరు శామ్యూల్ లాంగ్‌హార్న్ క్లెమెన్స్. 1835 నవంబరు 30న మిస్సోరీ రాష్ట్రంలో జన్మించారు. పదకొండేళ్ళకే తండ్రి పోగా చిన్నతనంలోనే అచ్చాఫీసులో పనికి కుదిరారు. తరువాత మిసిసిపీ నదిలో ఆవిరి పడవలు నడిపే లైసెన్సు పొందారు. "మార్క్ ట్వేన్" అన్నది ఆ నది మీది మాటే. రెండు బారల లోతు, అంటే 12 అడుగుల నీరు ఉన్నది, పడవకు భయం లేదు అని దాని అర్థం.

ఆయన హాస్యం పడవకు భయం లేనిదే గాని, పెద్దలకు భయం లేనిది కాదు. పారిపోయిన బానిసను, ఒక అనాథ కుర్రవాణ్ణి ఒకే తెప్ప మీద ఎక్కించి రాసిన "హకల్‌బెరీ ఫిన్" 1885లో అమెరికాలో వెలువడగానే, కాంకర్డ్ పట్టణ గ్రంథాలయం వారు దానిని వెలివేశారు. 1901లో చైనా, ఫిలిప్పీన్స్ దేశాలలో అగ్రరాజ్యాలు చేస్తున్న పనులను, అందులో తన దేశం పాత్రను కూడా, ఘాటుగా ఎండగట్టారు. 1905లో కాంగో ప్రజలను పీడిస్తున్న బెల్జియం రాజు లియోపోల్డును ఆ రాజు నోటితోనే మాట్లాడించి చీల్చి చెండాడారు. అప్పటికి ఆయన వయస్సు డెబ్బై.

మనవంటి వారు ముఖ్యంగా తెలుసుకోవలసినది ఆయన అప్పుల కథ. అక్షరాలు కూర్చే ఒక యంత్రం మీద డబ్బంతా పోశారు, అది పనికిరాలేదు. సొంత ప్రచురణ సంస్థ 1894లో దివాలా తీసింది. చట్టప్రకారం అంతా చెల్లించనక్కరలేదు. అయినా ప్రతి ఒక్కరి బాకీ పూర్తిగా తీరుస్తానని చెప్పి, అరవయ్యో ఏట ప్రపంచమంతా ఉపన్యాసాలిస్తూ బయలుదేరారు. ఆ యాత్రలోనే 1896 జనవరిలో బొంబాయిలో దిగారు. కాశీ, కలకత్తా, డార్జిలింగ్ చూశారు. మార్చి చివర కలకత్తాలో ఓడ ఎక్కి మద్రాసులో ఒక రోజు ఆగారు. మన సర్కారు జిల్లాలు ఆనాడు మద్రాసు రాజధానిలోనివే కనుక, మన గుమ్మం దాకా వచ్చి వెళ్ళారనుకోవచ్చు. ఆ యాత్రా గ్రంథం 1897లో వెలువడింది. గురజాడ వారి "కన్యాశుల్కం" తొలి కూర్పు అచ్చయినదీ ఆ ఏడే. 1898 నాటికి ఆయన బాకీలన్నీ తీర్చేశారు.

ఇక బహుమతి సంగతి. వాషింగ్టన్‌లో పొటోమాక్ నది ఒడ్డున కెనడీ సెంటర్ అనే కళాభవనం ఉంది. పిల్లల దగ్గరకు అమెరికా వెళ్ళిన మన మిత్రులు కొందరు దానిని చూసే ఉంటారు. అక్కడ 1998లో మార్క్ ట్వేన్ బహుమతిని ప్రారంభించారు. విజేతకు ఇచ్చేది ట్వేన్ కంచు విగ్రహపు నకలు. మూల విగ్రహం 1884లో కార్ల్ గెర్హార్ట్ చేసినది. ఆ శిల్పిని తన ఖర్చుతో పారిస్ పంపి చదివించినది ట్వేనే.

మొదటి బహుమతి రిచర్డ్ ప్రయర్‌కు వచ్చింది. నల్లజాతివారి కష్టాలను, తన సొంత పతనాన్ని కూడా దాచకుండా వేదిక మీద చెప్పి నవ్వించిన మనిషి. ట్వేన్ లాగానే తానూ హాస్యంతో మనుషుల ద్వేషాన్ని కొంత తగ్గించగలిగానని ఆయన తన సందేశంలో చెప్పుకున్నారు. ఇంతకన్న మంచి ఆరంభం ఉండదు. 2008లో జార్జ్ కార్లిన్‌కు ప్రకటించారు. 1972లో మిల్వాకీలో వేదిక మీద కూడని మాటలన్నారని పోలీసులు పట్టుకువెళ్ళిన హాస్యకారుడాయన. ప్రకటన వెలువడిన కొద్ది రోజులకే కన్నుమూశారు. బహుమతి మరణానంతరం అందింది.

అయితే జాబితా మొత్తం చూస్తే వేరు కథ కనిపిస్తుంది. ఎక్కువ మంది టెలివిజన్, సినిమా తారలు. ప్రధానంగా కలం మీద బ్రతికినవారంటే 2006లో నాటకకర్త నీల్ సైమన్ పేరే ముందు చెప్పుకోవాలి. వారు నవ్వించలేదని కాదు. లక్షలమంది అలసట తీర్చారు, అదీ పుణ్యమే. కాని నవ్వించడం వేరు, నవ్విస్తూ నిలదీయడం వేరు.

ఇంగ్లండులో వుడ్‌హౌస్ పేరిట 2000 నుంచి ఒక బహుమతి ఉంది. హాస్య నవలకే ఇస్తారు. గెలిచిన పుస్తకం పేరును ఒక పందికి పెట్టడం అక్కడి వేడుక. వుడ్‌హౌస్ కథలు చదివినవారికి ఆ పంది ఎందుకో చెప్పనక్కరలేదు. 2018లో 62 నవలలు వచ్చినా, న్యాయనిర్ణేతలందరినీ పైకి నవ్వించినది ఒక్కటీ లేదని ఆ ఏడు బహుమతి ఆపేశారు. పేరు నిలబెట్టడమంటే అదీ! యోగ్యులు లేనప్పుడు ఇవ్వకపోవడం కూడా ఆ పెద్దమనిషికి చేసే మర్యాదే.

అలాగని ట్వేన్‌ను దేవుణ్ణి చేయనక్కరలేదు. 1907లో ఆక్స్‌ఫర్డ్ డాక్టరేటు ఇస్తే మురిసిపోయి సముద్రం దాటి వెళ్ళి పుచ్చుకున్నారు. యుద్ధోన్మాదం మీద రాసిన "వార్ ప్రేయర్"ను 1905లో ఒక పత్రిక తిప్పి పంపగా ఊరుకున్నారు. ఆయన పోయిన పదమూడేళ్ళకు, 1923లో అది వెలుగు చూసింది. సంసారం, పరువు, పాఠకులు – ఆయనకూ ఉన్నాయి. కనుక ఈనాటి హాస్యకారులు ఎప్పుడూ నిప్పులే కురిపించాలని మనం అడగరాదు.

2025 ఫిబ్రవరిలో అధ్యక్షుడు ట్రంప్ స్వయంగా ఆ కెనడీ సెంటర్ అధ్యక్ష పదవి చేపట్టారు. మరుసటి నెలలో బహుమతి అందుకున్న కోనన్ ఓబ్రయన్, ఆ వేదిక మీదనే, ట్వేన్‌కు దౌర్జన్యం గిట్టదనీ, ఆయన బలహీనుల పక్షమనీ గుర్తుచేశారు. ఎవరి పేరూ ఎత్తకుండానే సభకు అర్థమయ్యేలా చెప్పారు. చాలా ఏళ్ళ తరువాత ఆ కంచు విగ్రహం ఒక్కసారి కళ్ళు తెరిచినట్లయింది.

నా లెక్క ఇది: ట్వేన్ పేరు వాడుకున్నందుకు ఆ బహుమతి వడ్డీ కడుతూ వస్తోంది గాని, అసలు మాత్రం అప్పుడప్పుడే జమ అవుతోంది. బాకీలు పూర్తిగా తీర్చిన మనిషి పేరిట ఇది కొంచెం చిన్నతనమే.

మనమూ సభలు జరిపి పెద్దల పేరిట సన్మానాలు చేస్తుంటాం. శాలువా కప్పే ముందు, ఎవరి పేరు పెట్టామో వారి రచనలోంచి ఒక్క పేజీ సభలో చదివించమని మన కార్యవర్గానికి నా మనవి. పేజీ చదివాక కూడా శాలువా తగినదేననిపిస్తే, మనం వడ్డీతో పాటు అసలు కూడా కొంత తీర్చినట్లే.