గోడాదరా: నల్లరేగడి పల్లె నుంచి నేతకారుల పేట దాకా

సూరత్ నగరానికి ఆగ్నేయ దిశలో, లింబాయత్, డిండోలీ, పర్వత్ ప్రాంతాలను ఆనుకుని నేడు జనసమ్మర్దంతో కనిపించే గోడాదరా, ఒకప్పుడు చోర్యాసీ తాలూకాలో నల్లరేగడి పొలాల నడుమ ఉన్న వ్యవసాయ గ్రామం. 2006లో ప్రభుత్వం 8 పురపాలికలను, 27 గ్రామ పంచాయతీలను సూరత్ మహానగరపాలికలో కలిపి, నగర విస్తీర్ణాన్ని సుమారు 112 చదరపు కిలోమీటర్ల నుంచి 326కు పెంచినప్పుడు ఈ గ్రామం కూడా నగరంలో అంతర్భాగమైంది.

గ్రామం నగరంగా మారిన తీరు గుజరాత్ రాష్ట్రపు పట్టణ ప్రణాళికా విధానంలో స్పష్టంగా కనబడుతుంది. 'టీపీ స్కీమ్' అని వ్యవహరించే ఈ పద్ధతిలో రైతుల భూములన్నిటినీ ఒక్కటిగా పరిగణించి, రోడ్లకు, బడులకు, తోటలకు కావలసినంత మినహాయించి, మిగిలిన దానిని తీరైన ప్లాట్లుగా మలచి తిరిగి వారికే ఇస్తారు. 'గామ్‌తళ్' అనే పాత నివాస స్థలం, అంటే మన గ్రామకంఠం వంటిది, ఇరుకు సందులతో నడుమ నిలిచిపోగా, చుట్టూ ఉన్న పొలాలు సొసైటీలుగా, అంటే వరుస ఇళ్ల కాలనీలుగా మారుతాయి.

గోడాదరా జనాభా కథకు మూలం మరమగ్గం. 1982 నాటి సమ్మె తరువాత బొంబాయి మిల్లులు కుదేలు కాగా, కృత్రిమ దారంతో చీరల బట్ట నేసే సూరత్ మరమగ్గాలు విస్తరించాయి. వాటికి కావలసిన పనివారు మహారాష్ట్ర, ఒడిశా, ఉత్తరప్రదేశ్, బీహార్‌లతో పాటు తెలంగాణ నుంచి కూడా వచ్చారు. తెలంగాణ వారిలో పద్మశాలీలు ముఖ్యులు. వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల్లో చేమగ్గం గిట్టుబాటు కాక, షోలాపూర్, భివండీల బాట పట్టినవారి బంధువర్గమే సూరత్‌కూ చేరింది. వరంగల్ మీదుగా సూరత్‌కు సాగే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ వారి రాకపోకలకు ఆధారమైంది. మగవారు పన్నెండు గంటల షిఫ్టులో, మీటరు లెక్కన కూలికి మగ్గాల మధ్య నిలబడితే, ఆడవారు ఇంటి గడప దగ్గర కూర్చుని చీరలకు రాళ్లు అతికించి, వేలాడే దారపు పోగులు కత్తిరించి, చీరకింత అని సంపాదించారు. ఈ రెండో శ్రమ ఏ లెక్కల్లోనూ సరిగా నమోదు కాలేదన్నది గమనించవలసిన విషయం.

2001లో 24 లక్షలకు పైబడిన సూరత్ జనాభా, విలీనమైన గ్రామాలతో కలిపి 2011 నాటికి 44 లక్షలు దాటింది. ఇలా ఊళ్లు విలీనమవడం ఇక్కడే కాదు; స్విట్జర్లాండులో కూడా చిన్న గ్రామపాలికలు విలీనమై, 1990లో 3,000కు పైగా ఉన్నవి నేడు 2,150 కంటే తక్కువకు చేరాయి. అయితే అక్కడి పౌరుని గుర్తింపు పత్రంలో పుట్టిన ఊరికి బదులు వంశమూల గ్రామం పేరు ఉంటుంది కనుక, ఊరు మారినా మూలం కాగితం మీద మిగులుతుంది. సూరత్‌లోని తెలుగు కుటుంబాలకు అటువంటి పత్రం లేదు. నగరపాలిక నడిపే తెలుగు మాధ్యమ పాఠశాలలు, ఏటా జరిగే బతుకమ్మ, మార్కండేయుని ఆరాధన, ఇవే వారి మూలానికి సాక్ష్యాలు.

గోడాదరాలోని తొలి తరం నేతకారులు వృద్ధులవుతున్నారు. ఏ ఊరి నుంచి, ఏ ఏట, ఎవరి వెంట వచ్చారో వారి నోట విని, పాత రేషన్ కార్డులు, పెళ్లి పత్రికలు సేకరించి, ఒక గ్రామచరిత్రగా రాసిపెట్టే పనిని అక్కడి తెలుగు సంఘాలు ఇప్పుడే చేపట్టాలి.